మైనస్ ఇరవైలో కాపురం: జపాన్‌లోని కితామిలో తొలి శీతాకాలం గడపడానికి సమగ్ర మార్గదర్శి

కితామి జపాన్ మ్యాపులో బాగా పైన, హొక్కైదో దీవిలో ఈశాన్యాన, ఓఖోట్స్క్ సముద్రం వైపు ఉంటుంది. జనాభా లక్షకు కాస్త పైన. హొక్కైదో ప్రధాన నగరం సప్పోరో నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో దాదాపు నాలుగున్నర గంటలు. దగ్గరి విమానాశ్రయం మెమన్‌బెత్సు. అక్కడి నుంచి బస్సులో ముప్పావుగంట. 2006లో చుట్టుపక్కల మూడు పట్టణాలు కలవడంతో విస్తీర్ణంలో హొక్కైదోలోకెల్లా పెద్ద నగరమైంది. ఒక చివర కనుమ, మరో చివర సముద్రం, మధ్యలో మైళ్లకొద్దీ ఉల్లి పొలాలు. జపాన్‌లో ఉల్లి ఎక్కువగా పండేది ఇక్కడే. కితామి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విదేశీ విద్యార్థులు చదువుతుంటారు; తీరంలో చేపలు, స్కాలప్‌లు శుద్ధిచేసే ఫ్యాక్టరీల్లో విదేశీ కార్మికులు పనిచేస్తుంటారు.

ఇటు రాబోయేవాళ్లు ముందుగా అడిగేది కోటు గురించి. నన్నడిగితే ఆ ప్రశ్న చివరిది. కోటు ఒంటిమీద ఉండేది రోజుకు గంటో రెండు గంటలో. మిగతా కాలమంతా నాలుగు గోడల మధ్యే. మీ శీతాకాలం సుఖంగా గడుస్తుందా లేదా అన్నది ఇంటి కిటికీలు, స్టవ్, నీళ్ల గొట్టాల దగ్గరే తేలిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఇంటి గురించే.

బయలుదేరే ముందు: పెట్టెలో ఏం పెట్టాలి, ఏం తీసెయ్యాలి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరికే ఉన్ని కోట్లు, తోలు బూట్లు ఇక్కడ అక్కరకు రావు. విమానం దిగాక వారం నెట్టుకొచ్చేందుకు ఒక జాకెట్, రెండు జతల థర్మల్స్ చాలు. అసలు బట్టలు కితామిలోనే కొనండి. ఇక్కడి దుకాణాలు ఇక్కడి చలికి తగినవే అమ్ముతాయి. పనివాళ్ల బట్టలమ్మే వర్క్‌మన్‌లో చౌకగా, గట్టిగా ఉండేవి దొరుకుతాయి. పాదం బాగా పెద్దదైన మగవాళ్లకు మాత్రం సైజు దొరకడం కష్టం. వాళ్లు దారిలో టోక్యోలోనో సప్పోరోలోనో చూసుకోవడం మంచిది.

ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. మిక్సీ విషయంలో ఆగి ఆలోచించండి. జపాన్ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ ఊరికే మూలుగుతుంది తప్ప మినప్పప్పు రుబ్బదు. అమెరికా వెళ్లేవాళ్ల కోసం మన ఊళ్లలో అమ్మే 110 వోల్టుల మిక్సీ అయితే కాస్త నెమ్మదిగానైనా పనిచేస్తుంది. జపాన్‌లో దొరికే చిన్న మిక్సీలు పళ్లరసానికి సరిపోతాయి, దోసెల పిండికి చాలవు.

ఆవకాయ, గోంగూర పచ్చళ్లు సరే. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, ఎండు మాంసం మాత్రం వద్దు. ప్రభుత్వ ధ్రువపత్రం లేని మాంసం ఏ రూపంలో ఉన్నా జపాన్‌లోకి రానివ్వరు, సీసాలో పెట్టినా ఇంట్లో చేసినా అదే చట్టం. పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాల్లాంటి వాటికి మొక్కల క్వారంటైన్ నియమాలు వర్తిస్తాయి; కొన్నింటిని పత్రం ఉన్నా రానివ్వరు. మందుల విషయంలో ఇంకా జాగ్రత్త. డాక్టరు రాసిన మందు నెల రోజులకు సరిపడా మామూలుగా తెచ్చుకోవచ్చు. అంతకు మించితే ముందే అనుమతి తీసుకోవాలి. సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటిన జలుబు మాత్రలు, కొన్ని కోడీన్ మందులు మన దగ్గర మందుల షాపులో మామూలుగా దొరికేవే అయినా ఇక్కడ నేరం కిందికి వస్తాయి. పెట్టె సర్దేటప్పుడు అమ్మ వేసిన మందుల సంచీ ఒకసారి తెరిచి చూడండి.

మొదటి పద్నాలుగు రోజులు

నరిత, హనెద, న్యూ చితోసె వంటి పెద్ద విమానాశ్రయాల్లో ఇమ్మిగ్రేషన్ దగ్గరే నివాస కార్డు చేతికిస్తారు. విద్యార్థులైతే పార్ట్‌టైమ్ పనికి అనుమతి ఫారం అక్కడే నింపి ఇచ్చేయండి. చదువు సాగే రోజుల్లో వారానికి 28 గంటలే పరిమితి.

ఇల్లు చేరిన 14 రోజుల్లోగా సిటీ హాలుకు వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఉద్యోగం ద్వారా బీమా లేనివాళ్లు అదే రోజు జాతీయ ఆరోగ్య బీమాలో చేరతారు. వైద్యం ఖర్చులో 30 శాతం మీరు, మిగతాది బీమా. ఇరవై ఏళ్లు నిండినవాళ్లకు పెన్షన్ చందా కూడా ఉంటుంది. విద్యార్థులకు దాన్ని వాయిదా వేసే పద్ధతి ఉంది కాబట్టి ఆ ఫారం కూడా అడిగి తీసుకోండి, వాళ్లంతట వాళ్లు గుర్తుచేయకపోవచ్చు. భారత కంపెనీ పంపగా వచ్చినవాళ్లకు 2016 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న ఇరుదేశాల ఒప్పందం వర్తిస్తుంది: ఇండియా నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే ఐదేళ్ల వరకూ రెండు చోట్లా కట్టే పని తప్పుతుంది.

బ్యాంకు ఖాతాకు ఫోన్ నంబరు అడుగుతారు, ఫోన్‌కు బ్యాంకు ఖాతా అడుగుతారు. ముందు బ్యాంకు ఖాతా అడగని సిమ్ తీసుకుని, పోస్టాఫీసు బ్యాంకుతో మొదలుపెడితే ఆ ముడి విడిపోతుంది.

ఇల్లు చూసేటప్పుడు అడగాల్సినవి

ఇళ్ల ఏజెంటు ముందుగా అద్దె చెప్తాడు. కితామిలో అద్దె సగం లెక్కే. మిగతా సగం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కాలే కిరసనాయిలు.

మొదటి ప్రశ్న: ఇల్లు దేనితో వెచ్చబడుతుంది? ఇక్కడ ఎక్కువ ఇళ్లలో ఎఫ్ఎఫ్ స్టవ్ ఉంటుంది. కిరోసిన్‌తోనో గ్యాస్‌తోనో కాలి, బయటి గాలినే పీల్చి, పొగను గొట్టం ద్వారా బయటికే వదులుతుంది. కిరోసిన్ అయితే ఇంటి బయట 490 లీటర్ల ట్యాంకు నిలబడి ఉంటుంది, లారీ వచ్చి నింపుతుంది. ట్యాంకు లేని ఇంట్లో 18 లీటర్ల ఎర్ర డబ్బాలు మోసుకు రావాలి. మూడో అంతస్తులో ఉంటే, మెట్లమీద మంచు ఉంటే, ఆ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. కిరోసిన్ ధర ఈమధ్య సంవత్సరాల్లో లీటరు 100 యెన్లు దాటే ఉంటోంది. ట్యాంకులో ఎవరి దగ్గర నూనె పోయించుకోవాలో కొన్నిచోట్ల ఇంటి యజమానే నిర్ణయిస్తాడు, అదీ అడగండి.

వంటకు, స్నానపు నీళ్లకు వాడేది పైపులైన్‌లో వచ్చే సిటీ గ్యాసా, సిలిండర్లలో వచ్చే ప్రొపేనా? హొక్కైదోలో ప్రొపేన్ బిల్లు చూసి నిట్టూర్చని వాడు లేడు. ప్రొపేన్ ఉన్న ఇంటి అద్దె తక్కువగా కనిపిస్తే, ఆ తేడా ఎక్కడికి పోతుందో లెక్కవేసుకోండి.

కిటికీలు రెండు పొరలవేనా అని చేత్తో తీసి చూడండి. ఇంటి ముంగిట గాలిని ఆపే చిన్న అద్దాల గది ఉంటే మంచిది. బూట్ల మంచు అక్కడే రాలిపోతుంది. మూలగది కంటే, పై అంతస్తు కంటే, మధ్యలో ఇరుక్కున్న గది మేలు. మన దగ్గర అలాంటి గదిని గాలి ఆడదని వదిలేస్తాం. ఇక్కడ పక్కింటి, కిందింటి స్టవ్‌ల వేడి మీకు ఉచితంగా వస్తుంది.

ఇంకో రెండు మాటలు. పార్కింగ్‌లో మంచు ఎవరు తీస్తారు, దానికి విడిగా రుసుము ఉందా? నీళ్లు దించే మీట, అంటే చలికి గడ్డకట్టకుండా గొట్టాలు ఖాళీ చేసేది, ఎక్కడుంది? రెండో ప్రశ్నకు ఏజెంటు మీటను వేలితో చూపించేదాకా సంతకం పెట్టకండి.

ఉద్యోగానికి వస్తున్నవాళ్లు కంపెనీని ఇంకొకటి అడగాలి: చలికాలపు ఇంధన భత్యం ఇస్తారా? హొక్కైదోలో చాలా సంస్థలు ఇస్తాయి, బేరమాడినట్టు ఎవరూ అనుకోరు.

నీళ్లు దించడం: శీతాకాలపు అసలు పాఠం

జనవరి, ఫిబ్రవరిల్లో తెల్లవారుజామున మైనస్ 15 మామూలు. మైనస్ 20 కూడా వింత కాదు. గొట్టంలో నిలిచిన నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, ఉబ్బితే గొట్టం చీలుతుంది. కరిగాక ఇల్లంతా నీళ్లు. మీ ఇల్లే కాదు, కిందివాళ్లదీ. మరమ్మతు ఖర్చు అద్దెకున్నవాడిమీదే పడొచ్చు. అందుకే రాత్రి బాగా చలి అని వార్తల్లో చెప్పినప్పుడు, లేదా స్టవ్ ఆపి ఒక రాత్రైనా ఊరు వెళ్తున్నప్పుడు, గొట్టాల్లోని నీళ్లు దించేయాలి. దీన్ని ఇక్కడ మిజునుకి అంటారు. ఉష్ణోగ్రత మైనస్ 4 కిందికి పోతే జాగ్రత్తపడమని సాధారణంగా చెప్తారు.

పద్ధతి ఇది.

1. నీళ్లు దించే మీటను, లేదా గోడమీది బటన్‌ను, దించే వైపుకు పూర్తిగా తిప్పండి. దీంతో పైనుంచి నీటి రాక ఆగుతుంది. గొట్టంలో ఉన్నది భూమిలోకి జారే దారి తెరుచుకుంటుంది.
2. వంటింటి, స్నానాల గది కుళాయిలన్నీ తెరవండి. వేడినీళ్ల వైపు కూడా. షవర్‌ను కిందికి దించి పెట్టండి. కుళాయి గాలి పీల్చుకుంటున్న చప్పుడు వస్తే పని జరుగుతున్నట్టే.
3. టాయిలెట్ ఫ్లష్ నొక్కి తొట్టి ఖాళీ చేయండి. రోజుల తరబడి వెళ్తుంటే గిన్నెలో, సింకు కింది వంపులో గడ్డకట్టని ద్రవం కొంచెం పోయండి. ఇంటి సామాను, పనిముట్లు అమ్మే హోమ్ సెంటర్లో దొరుకుతుంది.
4. వాషింగ్ మెషీన్‌ను కొన్ని క్షణాలు ఆన్ చేసి లోపలి నీరు వదిలించండి.
5. వేడినీళ్ల బాయిలర్‌ది వేరే సంగతి. కొన్నింటిలో గడ్డకట్టకుండా కాపాడే హీటరు ఉంటుంది, వాటి ప్లగ్ తీయకూడదు. కొన్నింటిని విడిగా ఖాళీ చేయాలి. మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో చేరిన రోజే యజమానిని అడిగి కాగితం మీద రాసుకోండి.

తిరిగొచ్చాక కుళాయిలు మూసి, ఒక్కటి మాత్రం కొంచెం తెరిచి ఉంచి, మీటను మెల్లగా వెనక్కి తిప్పండి. ఒక్కసారిగా తిప్పితే గాలి, నీళ్లు కలిసి ఎగజిమ్ముతాయి. మీటను సగంలో వదిలేయకండి: నీళ్లు కనబడకుండా భూమిలోకి కారిపోతూనే ఉంటాయి, తర్వాత వచ్చే బిల్లు చూశాక గానీ తెలియదు.

ఎంత జాగ్రత్తపడ్డా ఓ ఉదయం కుళాయి తిరగదు. మరిగే నీళ్లు పోయకండి, గొట్టం పగులుతుంది. గది వెచ్చబెట్టండి, గొట్టానికి తువ్వాలు చుట్టి గోరువెచ్చని నీళ్లు ఓపిగ్గా పోస్తూ ఉండండి. గంట గడిచినా కదలకపోతే ప్లంబర్‌ను పిలవడమే.

మంచు తీయడం

రాత్రి కురిసిన మంచును పొద్దున్నే తోడకపోతే అది నలిగి, కరిగి, మళ్లీ గడ్డకట్టి రాయవుతుంది. కావలసిన సామాను రెండే. జోంబా అనే తేలికైన ప్లాస్టిక్ పార కొత్త మంచుకు. మామాసాన్ డంప్ అనే పెద్ద తట్టలాంటి తోపుడు పార ఎక్కువ మంచును జార్చుకుంటూ పోవడానికి. వీటిని అక్టోబరులోనే కొనండి. మొదటి మంచు పడిన మర్నాడు అందరూ దుకాణంలోనే ఉంటారు.

నగరపాలక సంస్థ యంత్రం రాత్రిపూట రోడ్డు శుభ్రం చేస్తూ, మీ గేటు ముందు గట్టి మంచుకట్ట ఒకటి వదిలి వెళ్తుంది. కోపం వస్తుంది. దాన్ని తీసుకోవాల్సింది మీరే. తీసినదాన్ని మళ్లీ రోడ్డుమీదికి తోయడం నేరం. పక్కింటి హద్దులోకీ తోయకూడదు. ఈ ఊళ్లో ఇరుగుపొరుగు తగువులు చాలావరకు ఇక్కడే పుడతాయి. ఒకరోజు ముందే లేచి పక్కింటి ముసలావిడ గుమ్మం కూడా తోడిపెడితే, జపనీస్ రాకపోయినా మీ పరిచయం పూర్తయినట్టే.

ముందుగా తోడాల్సిన చోట్లు: స్టవ్ పొగ బయటికి వచ్చే గొట్టం చుట్టూ, గ్యాస్ మీటరు, కిరోసిన్ ట్యాంకు దాకా దారి. పొగగొట్టం మంచులో మునిగితే విషవాయువు లోపలికి తన్నుతుంది. చూరు కింద నిలబడకండి. పైకప్పు మంచు హెచ్చరిక లేకుండా జారిపడుతుంది. మీరు పైకప్పు ఎక్కి మంచు తోయడం అసలే వద్దు. ఏటా జపాన్‌లో మంచు చావుల్లో పెద్ద వాటా ఆ పనిలోనే, అదీ అనుభవమున్న స్థానికులవే.

2004 జనవరి మధ్యలో వచ్చిన మంచు తుపానుకు కితామిలో నేలమీద మంచు మీటరున్నర దాటింది, ఊరు రోజుల తరబడి కదల్లేదు. అలాంటిది ఏటా రాదు. కానీ నాలుగు రోజుల బియ్యం, పప్పు, మందులు ఎప్పుడూ ఇంట్లో ఉండాలనడానికి ఆ ఒక్కటి చాలు.

నడక, బండి

నడిచేటప్పుడు అడుగులు చిన్నగా, అరికాలు మొత్తం ఆనించి వేయాలి. చేతులు జేబుల్లో వద్దు. ఎక్కువమంది పడేది జీబ్రా చారలమీద, దుకాణాల గుమ్మాల దగ్గర, బస్సు స్టాపుల్లో. ఫోన్‌ను లోపలి జేబులో పెట్టుకోండి. చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. ఫోన్‌తోనే డబ్బు చెల్లించే అలవాటుంటే జేబులో నోటు కూడా ఉంచుకోండి.

కారు నడపాలంటే భారత్‌లో తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ వచ్చిన రోజు నుంచి గరిష్ఠంగా ఏడాదే చెల్లుతుంది. ఆ తర్వాత లైసెన్సు మార్పించుకోవాలి. లైసెన్సు వచ్చాక ఇండియాలో కనీసం మూడు నెలలు ఉన్నట్టు చూపాలి. 2025 అక్టోబరు నుంచి రాతపరీక్షలో 50 ప్రశ్నలు, 90 శాతం మార్కులు కావాలి. డ్రైవింగ్ పరీక్ష కూడా కఠినమైంది. వేసవిలోనే ముగించుకోండి.

అక్టోబరు చివరికల్లా స్టడ్‌లెస్ టైర్లు, అంటే మంచు రోడ్లకు వాడే టైర్లు, వేయించండి. ఊళ్లో రోడ్డు పొడిగా ఉన్నా, సప్పోరో, అసహికవా వైపు వెళ్లే దారిలో వెయ్యి మీటర్ల ఎత్తున్న సెకిహొకు కనుమమీద అప్పటికే మంచు పడి ఉండొచ్చు. రాత్రి బండి ఆపినప్పుడు వైపర్లు పైకి లేపండి, హ్యాండ్‌బ్రేక్ వేయకండి. అది అలాగే గడ్డకట్టుకుపోతుంది. రోడ్డు పక్క ఎత్తుగా కిందికి చూపే ఎర్ర బాణాలు రోడ్డు అంచును చెప్పడానికే. తెల్లటి తెర కమ్ముకున్నప్పుడు అవే దిక్కు. సాయంత్రాల్లో జింకలు అడ్డం వస్తాయి.

2013 మార్చి తొలివారంలో తూర్పు హొక్కైదోను ముంచెత్తిన మంచు తుపానులో తొమ్మిది మంది చనిపోయారు. మంచులో చిక్కుకున్న కారులో ఇంజిన్ నడుస్తుండగా సైలెన్సర్ పూడిపోతే లోపలికి కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. కాబట్టి డిక్కీలో పార, దుప్పటి, టార్చి, నీళ్లు, తినడానికి ఏదైనా ఉంచండి. చిక్కుకుంటే సైలెన్సర్ చుట్టూ తోడుతూ ఉండండి, లేదా ఇంజిన్ ఆపేయండి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు బయల్దేరకపోవడమే అన్నింటికంటే మేలు. మేనేజరుకు ఫోన్ చేసి రాలేనంటే ఇక్కడ తప్పు పట్టరు.

కరెంటు పోతే

ఎఫ్ఎఫ్ స్టవ్ కిరోసిన్‌తో కాలినా, కరెంటు లేకపోతే వెలగదు. 2018 సెప్టెంబరు 6న ఇబురి ప్రాంతంలో వచ్చిన భూకంపం తర్వాత హొక్కైదో మొత్తం చీకటైంది; దాదాపు 29 లక్షల 50 వేల ఇళ్లకు కరెంటు పోయింది. అది సెప్టెంబరు. అదే ఫిబ్రవరి అయితే? అందుకే ఇక్కడి పాత కాపురస్తులు బ్యాటరీ, అగ్గిపుల్లలతో వెలిగే చిన్న పోర్టబుల్ కిరోసిన్ స్టవ్ ఒకటి అటకమీద ఉంచుకుంటారు. మీరూ కొనండి. అది పొగను గదిలోకే వదులుతుంది కాబట్టి గంటకోసారి కిటికీ తెరవాలి. ఆ బ్లాకౌట్‌లో హొక్కైదో సొంత దుకాణాల గొలుసు సెయికోమార్ట్ కార్ల బ్యాటరీలతో క్యాష్ కౌంటర్లు నడిపి, దాదాపు అన్ని శాఖలూ తెరిచే ఉంచింది. మీ ఇంటికి దగ్గరి సెయికోమార్ట్ ఎక్కడుందో తెలుసుకుని పెట్టుకోండి.

వంటిల్లు

హొక్కైదో ఇళ్లు లోపల బాగా వెచ్చగా ఉంటాయి. చొక్కా చేతులు మడిచి ఐస్‌క్రీం తినే జనం వీళ్లు. కాబట్టి పెరుగు తోడుకోవడం, పిండి పులవడం అనుకున్నంత కష్టం కాదు, స్టవ్ ఎదుట కాకుండా పక్కగా గిన్నె పెడితే చాలు. రాత్రి స్టవ్ ఆపేసే ఇంట్లో మాత్రం తెల్లారేసరికి పిండి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. అప్పుడు జపనీస్ పెరుగు మెషీనును 30 డిగ్రీలకు పెట్టి అందులో పులియబెట్టండి. ఫ్రిజ్ ఇక్కడ వస్తువులు గడ్డకట్టకుండా కాపాడుకోవడానికి కూడా పనికొస్తుంది. వసారాలో పెట్టిన కొబ్బరినూనె, కూరగాయలు పొద్దున్నకి రాళ్లవుతాయి.

కందిపప్పు, సోనా మసూరి, చింతపండు టోక్యోలోని భారతీయ దుకాణాల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. హొక్కైదోకు రవాణా ఖర్చు ఎక్కువ కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి ఆర్డరు పెట్టండి. ఉల్లి, బంగాళదుంప మాత్రం ఇక్కడివే కొనండి. శరదృతువులో పొలాల దగ్గరే బస్తాల లెక్కన దొరుకుతాయి, ఉల్లిపాయ పులుసుకు ఇంతకంటే తియ్యటి ఉల్లి నేను చూడలేదు. 1930ల్లో ప్రపంచ పుదీనా నూనెలో దాదాపు 70 శాతం కితామి నుంచే వెళ్లేదట. ఆ పుదీనా మందులకూ మిఠాయిలకూ పనికొస్తుంది గానీ పచ్చడికి మన రకం కాదు.

శాకాహారులు బయట తినేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: మాంసం లేని సూప్‌లోనూ చేప రసం ఉంటుంది. మాంసం తినను అని మాత్రమే అంటే సరిపోదు, చేప రసం కూడా వద్దని విడిగా చెప్పాలి.

మనుషులు

వీధి సంఘం, చోనైకై, చందా అడుగుతుంది; కట్టండి. చేతులు మారుతూ తిరిగే నోటీసు పలక మీ దగ్గరికి వస్తే చదవలేకపోయినా ముద్ర వేసి పక్కింటికి చేర్చండి. చెత్తను నగరం నిర్ణయించిన సంచుల్లోనే, చెప్పిన రోజునే, పొద్దున్నే పెట్టాలి. ముందురోజు రాత్రి పెడితే కాకులు చీలుస్తాయి, లేదా సంచీ మంచుకింద పూడిపోతుంది. కాగితాల చిక్కులొస్తే సప్పోరోలోని హొక్కైదో విదేశీయుల సలహా కేంద్రం ఫోన్‌లో పలు భాషల్లో సాయం చేస్తుంది. అంబులెన్సుకు 119, పోలీసుకు 110.

డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుకుంకుతుంది. ఇంట్లోనే ముడుచుకుంటే మనసు కుంగుతుంది. దానికి ఈ ఊరు కనిపెట్టిన మందు, గడ్డకట్టే చలిలో ఆరుబయట జరిగే ఫిబ్రవరి యాకినికు పండుగ: బొగ్గుల కుంపటి చుట్టూ నిలబడి మాంసం కాల్చుకు తింటారు. మాంసం తినకపోయినా వెళ్లండి. మొక్కజొన్న, ఉల్లి కాల్చుకోవచ్చు. సముద్రం వైపున్న తొకోరోలో కర్లింగ్, అంటే మంచుగడ్డ మీద రాళ్లు జార్చే ఆట, నేర్పుతారు. 2018లో ఒలింపిక్ కాంస్యం, 2022లో రజతం గెలిచిన లోకో సొలారె జట్టు అక్కడిదే.

మే నెల వచ్చాక

టైర్లు మార్చండి, ట్యాంకులో మిగిలిన కిరోసిన్ ఎంతో చూసుకోండి. ఆ వెంటనే ఏసీ సంగతి అడగండి. పక్కనే ఉన్న సరోమాలో 2019 మే 26న 39.5 డిగ్రీలు నమోదైంది. చలికోసం కట్టిన ఆ బిగువైన ఇంట్లోకి వేడి చేరితే త్వరగా బయటికి పోదు, అద్దె ఇళ్లలో చాలావాటికి ఏసీయే ఉండదు. జూన్ చివర్లో బిగించేవాళ్లు దొరకరు. మే మొదటి వారంలోనే యజమాని అనుమతి తీసుకుని ఆర్డరు పెట్టేయండి.